ట్యూషన్ అయిపోయాక మిగిలే 40 నిమిషాలు: ఒక కేస్ స్టడీ

ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటూనో, బడి అయ్యాక నలుగురు పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటూనో కాస్త సంపాదించుకోవాలనుకునేవాళ్లు నా దగ్గరికి సలహాకి వస్తుంటారు. నేను చాలాకాలం టీచరుగా చేసి ఈ పనిలోకి వచ్చాను. వచ్చేవాళ్లు మామూలుగా అడిగేవి రెండే. ఫీజు ఎంత పెట్టాలి? పిల్లలు ఎలా వస్తారు? ఈ కేసులో ఆవిడ ఆ రెండూ అడగలేదు. పిల్లలున్నారు, ఫీజు వస్తోంది, మంచి పేరుంది. అయినా మానేద్దామనుకుంటూ వచ్చింది. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను.

ఆవిడ అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఫీజు ఎంతో రాయడం లేదు. లెక్క అర్థం కావడానికి పాళ్లు తెలిస్తే చాలు.

నేపథ్యం

ముప్పై దాటి నలభైకి దగ్గరవుతున్న మనిషి. మధ్యాహ్నం దాకా ఒక చిన్న ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం. భర్త ఇంటికి వచ్చేసరికి రాత్రి 7 దాటుతుంది. 8 ఏళ్ల కూతురు ఉంది. ఇంటి అప్పు వాయిదా బరువవుతోంది. సాయంత్రాలు ఎలాగూ కూతుర్ని కూర్చోబెట్టి చదివిస్తున్నాను కదా, పక్కన ఇంకో ఇద్దరిని కూర్చోబెడితే పోయేదేముంది అనుకుంది. ఈ 'ఎలాగూ' అన్న మాట వినబడగానే నేను కొంచెం జాగ్రత్తపడతాను. ఆ పనికి ఖర్చేమీ లేదన్న లెక్క ఆ మాటలోనే దాక్కుని ఉంటుంది.

ఇద్దరు నలుగురయ్యారు. ఏడాది తిరిగేసరికి ఏడుగురు, 6 ఏళ్ల నుంచి 11 ఏళ్ల దాకా. కూతురితో కలిపితే ఎనిమిది మంది. మాట్లాడుకున్న సమయం సాయంత్రం 4:30 నుంచి 6:30, వారానికి 5 రోజులు. ఏడుగురిలో ఒకడు ఆడపడుచు కొడుకు, వాడికి ఫీజు లేదు. ఇద్దరు అన్నాచెల్లెళ్లు, చెల్లెలికి సగం ఫీజు. మిగతా నలుగురికీ పూర్తి ఫీజు.

పిల్లలు ఆవిడని 'ఆంటీ' అంటారు, తల్లులు 'అక్కా' అంటారు. ఇది ముఖ్యమైన విషయమని నాకు మొదట తోచలేదు. రాసుకున్నాను, అంతే.

ఏ సమస్యతో వచ్చింది

"పిల్లలు మాట వినడం లేదు మేడమ్. అరుపులు, కొట్లాటలు. రాత్రయ్యేసరికి నాకు గొంతు ఉండటం లేదు. క్రమశిక్షణకి ఏవైనా పద్ధతులుంటే చెప్పండి. లేదంటే ఈ నెలతో ఆపేస్తాను."

అప్పటికే నక్షత్రాల చార్టు పెట్టి ఉంది. మాట వింటే ఒక స్టిక్కర్, 10 స్టిక్కర్లయితే ఒక చిన్న బహుమతి. మొదటి రెండు వారాలు గది ప్రశాంతంగా ఉందట. మూడో వారానికి బేరాలు మొదలయ్యాయి. "ఈ పేజీ చదివితే ఎన్ని ఇస్తారు ఆంటీ?" బొమ్మలు వేయడమంటే ప్రాణంపెట్టే ఒక పిల్ల, స్టిక్కర్ లేదంటే రంగు పెన్సిల్ ముట్టడం మానేసింది.

ఆ చివరి సంగతి నన్ను ఆశ్చర్యపరచలేదు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అచ్చం ఇలాంటిదే పరీక్షించి చూశారు. రంగు పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్నపిల్లల్ని తీసుకుని, కొందరికి ముందే 'వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని చెప్పారు. కొన్నాళ్ల తర్వాత ఖాళీ సమయంలో గమనిస్తే, ఆ మాట విన్న పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మల జోలికి వెళ్లారు. చెప్పకుండా చివర్లో బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం తగ్గలేదు. అంటే ఇష్టాన్ని చెడగొట్టింది బహుమతి కాదు, ముందే కుదుర్చుకున్న బేరం. చార్టు తీసేయమన్నాను. తీసేస్తే గోల ఇంకా పెరుగుతుందని ఆవిడ భయపడింది. ఒక వారం పెరిగింది కూడా.

కానీ చార్టు తీసేయడం పరిష్కారం కాదని ఇద్దరికీ తెలుసు. ఇక్కడ నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, ఆవిడ అడిగినట్టు క్రమశిక్షణ పద్ధతులు నేర్పడం. వయసుల వారీగా కూర్చోబెట్టడం, పనిని చిన్న ముక్కలుగా ఇవ్వడం, ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు ముందే చెప్పడం, ఇలాంటివి. ఇవి నాకు బాగా తెలిసినవి, కాబట్టే చెప్పేయాలని నాలుక దురద పెట్టింది. రెండోది, గోల ఎప్పుడు జరుగుతోందో ముందు చూడటం. ఏడాదిపాటు ఇదే పిల్లలతో బాగానే నెట్టుకొచ్చిన మనిషికి ఉన్నట్టుండి పిల్లల్ని అదుపు చేయడం రాకుండా పోదు. ఇంకేదో మారి ఉండాలి. రెండో దారే పట్టాం.

రెండు వారాల నోటుబుక్కు

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోమన్నాను. అందులో రెండే రాయాలి: గొడవ ఏ టైముకి జరిగింది, ఆ రోజు పిల్లల కోసం ఏ టైము నుంచి ఏ టైము దాకా పని చేసింది. కారణాలు రాయొద్దన్నాను. అలసిపోయి ఉన్న మనిషిని కారణాలు రాయమంటే, ఎవరో ఒక పిల్లాడి పేరే రాస్తుంది.

రెండు వారాల్లో 14 గొడవలు నమోదయ్యాయి. వాటిలో 11 సాయంత్రం 6:30 తర్వాతవి. అంటే ట్యూషన్ అయిపోయాక. సంచులు సర్దుకుని, చెప్పులేసుకుని, తల్లిదండ్రుల కోసం ఎదురుచూసే సమయంలో. పాఠం నడుస్తున్న రెండు గంటల్లో జరిగినవి మూడే, అందులోనూ ఒకటి పెన్సిల్ కోసం.

తల్లిదండ్రులు 6:30కి రావడం లేదు. ఒకరు 6:50కి, ఒకరు 7కి, ఇంకొకరు 7:15కి. ఆఖరి పిల్లాడు వెళ్లేసరికి సగటున 40 నిమిషాలు ఆలస్యం. ఆ 40 నిమిషాల్లో పిల్లలకి చదువూ లేదు, ఆటా లేదు, వెళ్లడమూ లేదు. సంచి భుజాన వేసుకున్న పిల్లాడికి కొత్త పని చెబితే చేయడు, ఆడుకోమంటే సంచి దించడు. అప్పుడు ఆవిడ వంటగదిలో ఉంటుంది, లేదా ఎవరో ఒక తల్లికి ఫోన్ చేస్తూ ఉంటుంది. గోల మొదలవడానికి ఇంతకన్నా అనువైన వాతావరణం కావాలని కట్టుకున్నా కుదరదు.

నోటుబుక్కులో రెండో సగం ఇంకా ఎక్కువ చెప్పింది. ఒప్పుకున్న పని రోజుకి 120 నిమిషాలు. దానికి ముందు తయారీ 20 నిమిషాలు, ముందే వచ్చేసే పిల్లలతో 15, తర్వాత ఎదురుచూపు 40, గది సర్దడం 25, రాత్రి తల్లుల మెసేజ్‌లకి జవాబులు 30. కలిపితే రోజుకి 250 నిమిషాలు. ఆదివారం వర్క్‌షీట్లకి మరో 100 నిమిషాలు. వారానికి 10 గంటలు అనుకున్న పని 22 గంటలన్నర అయింది.

ఇక ఆదాయం. ఏడుగురు పిల్లలంటే ఏడు ఫీజులని ఆవిడ మనసులో ఉంది. నిజానికి అందేవి ఐదున్నర. అందులో పదో వంతు కాగితాలకి, పుస్తకాలకి, తినడానికి పెట్టేవాటికి పోతోంది. గంటకి 100 వస్తోందని ఆవిడ అనుకుంటే, చేతికి వచ్చేది 31. కాగితం మీద ఈ అంకె చూశాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రోజూ ఊళ్లోవాళ్ల లెక్కలు చూసే మనిషి. "నా లెక్క ఒక్కటే నేను చూసుకోలేదు" అంది తర్వాత.

నేను ఇచ్చిన తప్పు సలహా

సమస్య చివరి 40 నిమిషాలదని తేలింది కాబట్టి, తల్లిదండ్రుల్ని టైముకి రప్పించాలి. ఆలస్యానికి రుసుము పెట్టమన్నాను. 15 నిమిషాలు దాటితే ఇంత అని.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో డేకేర్ కేంద్రాల మీద గ్నీజీ, రుస్తికినీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం నాకు అప్పటికే తెలుసు. అది 2000లో అచ్చయింది. 10 కేంద్రాల్లో ఆరింటిలో, పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. తర్వాత జరిమానా ఎత్తేసినా పాత స్థితికి రాలేదు. అంతకుముందు ఆలస్యమైతే 'పాపం టీచరు ఎదురుచూస్తోంది' అన్న సంకోచం ఉండేది. జరిమానా వచ్చాక ఆలస్యానికి ఒక ధర కుదిరింది. ధర కట్టాక ఇక సంకోచం ఎందుకు?

ఇది తెలిసి కూడా ఎందుకు చెప్పాను? పెద్ద కేంద్రం వేరు, ఒకరినొకరు ఎరిగిన ఆరు కుటుంబాలు వేరు అనుకున్నాను. ఇక్కడ మొహమాటం ఎక్కువ, రుసుము అడిగే పరిస్థితి తెచ్చుకోవడానికే సిగ్గుపడతారని నా ఊహ. సరిగ్గా తిరగబడింది. మొదటి నెలలోనే ఇద్దరు తల్లులు "అక్కా, ఈరోజు 7:30 అవుతుంది, రుసుము ఇచ్చేస్తాలే" అని మెసేజ్ పెట్టడం మొదలుపెట్టారు. ఆవిడేమో ఆ రుసుము అడగలేకపోయింది. 'అక్కా' అని పిలిచే మనిషి దగ్గర అరగంటకి డబ్బెలా అడుగుతుంది? నెలాఖరున ఒకరిచ్చారు, ఒకరు మర్చిపోయారు, ఆవిడ గుర్తుచేయలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో మోటు సామెత ఉంది, ఇక్కడ రాయను. మొత్తానికి ఆలస్యం 40 నిమిషాల నుంచి 55కి పోయింది, డబ్బు పెరగలేదు.

నా తప్పు ఎక్కడుందో ఇప్పుడు చూస్తే స్పష్టంగానే ఉంది. మొహమాటం తల్లుల వైపు ఉందనుకున్నాను. అది ఆవిడ వైపు ఉంది. ఆ పిలుపు మొదటి రోజే రాసుకున్నాను, చదవలేదు.

గేటు దగ్గర జరిగింది

రుసుము పెట్టిన రెండో నెలలో ఒక సాయంత్రం, 7 గంటలప్పుడు, ఒక పిల్లాడిని తీసుకెళ్లడానికి వేరే మనిషి వచ్చాడు. పిల్లాడు "మామయ్యా!" అని ఎగిరి గంతేశాడు. ఆవిడ చేతిలో ఫోను, వెనక ఇద్దరు కొట్టుకుంటున్నారు. పంపించేసింది. పది నిమిషాలకి పిల్లాడి తల్లి వచ్చింది. "వాడేడీ?" అంది.

వచ్చింది నిజంగా మామయ్యే. ఇంట్లోవాళ్ల మధ్య మాట అటూ ఇటూ అయింది, అంతే. తల్లి ఫోన్ చేసి కనుక్కునే దాకా పట్టిన సమయం నాలుగు నిమిషాలో ఐదు నిమిషాలో. కానీ ఆ రాత్రి ఆవిడ నాకు ఫోన్ చేసినప్పుడు గొంతు వణుకుతోంది. "పిల్లాడు గుర్తుపట్టాడు కదా అనుకున్నాను మేడమ్" అంది.

పిల్లాడు గుర్తుపట్టడం అన్నది ఎప్పుడూ సరిపోదు. పిల్లలకి తెలిసిన మనిషీ, పిల్లాడిని తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్న మనిషీ ఒకరే కానక్కర్లేదు. పిల్లలకి హాని చేసేవాళ్లలో చాలామంది పిల్లలకి ముందునుంచీ తెలిసినవాళ్లే ఉంటారు. ఈ పని చేసేవాళ్లకి నేను మొదటి రోజే చెప్పాల్సిన మాట ఇది. ఆవిడ క్రమశిక్షణ గురించి వచ్చింది కదా అని ఈ ప్రశ్న వాయిదా వేశాను.

ఆ సంఘటనతో నా ఆలోచన మారింది. అప్పటిదాకా ఆ 40 నిమిషాలని 'ఆలస్యం' అనుకుంటున్నాం. అది ఆలస్యం కాదు. అది వేరే పని. 4:30 నుంచి 6:30 దాకా ఆవిడ చదువు చెబుతోంది. 6:30 తర్వాత పిల్లల్ని సంరక్షిస్తోంది. ఈ రెండో పనికి పేరు లేదు, నియమం లేదు, ధర లేదు. కానీ ప్రమాదం అంతా అందులోనే ఉంది. చాలాచోట్ల చట్టం కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది. ఉదాహరణకి ఇంగ్లండ్‌లో 8 ఏళ్లలోపు పిల్లల్ని ఇంట్లో డబ్బు తీసుకుని రోజుకి 2 గంటలకి మించి చూసుకోవాలంటే నమోదు తప్పనిసరి. ఎవరుండే చోటి నియమం వాళ్లు కనుక్కోవాలి. ఆవిడ ఉండే చోట ఏం కావాలో మేమూ కనుక్కున్నాం, అవసరమైన కాగితాలు పెట్టింది. ఆ వివరాలు రాస్తే చోటు తెలిసిపోతుంది, అందుకే ఆపుతున్నాను.

ఏది పనిచేసింది

పనిని రెండుగా చీల్చాం. మొదటిది పాఠం, 4:30 నుంచి 6 దాకా. అరగంట తగ్గించాం. 6 ఏళ్ల పిల్లలు చివరి అరగంట ఎలాగూ పుస్తకం మీద పడుకుంటున్నారు. రెండోది 'ఆట సమయం', 6 నుంచి 6:45 దాకా. ఇది కావాలనుకున్నవాళ్లు నెల మొదట్లోనే తీసుకోవాలి, ఫీజులో సగం అదనం. రోజువారీగా అమ్మం. ఈరోజు ఆలస్యమవుతుంది కాబట్టి ఈరోజుకి డబ్బిస్తానంటే కుదరదు.

ఇదీ ధరే కదా, రుసుముకీ దీనికీ తేడా ఏమిటని ఆవిడ అడిగింది. మంచి ప్రశ్న. రుసుము తప్పు జరిగాక వస్తుంది, తప్పు చేసినవాళ్ల దగ్గర నోరు తెరిచి అడగాలి. ఆట సమయం ముందే తీసుకున్నది, అడగాల్సిన పని లేదు. పైగా ఆ 45 నిమిషాలు పిల్లలకి ఎదురుచూపు కాకుండా ఆట అవుతుంది. సంచులు గుమ్మం పక్కన వరసగా పెట్టేస్తారు, చెప్పులు వేసుకోరు. తల్లి వచ్చేదాకా 'వెళ్లిపోతున్న' స్థితిలో ఉండరు. గొడవలు తగ్గడానికి ఈ ఒక్క మార్పే ఎక్కువ కారణమని నా అంచనా. సంచి భుజం మీద ఉందా, గుమ్మం పక్కన ఉందా అన్నదాంట్లో ఇంత తేడా ఉంటుందని నేనూ అనుకోలేదు.

రెండు కుటుంబాలు ఆట సమయం తీసుకున్నాయి. మిగతావాళ్లు 6కి రావాలి. వాళ్లు ఎందుకొస్తారు? ఇక్కడ ఆవిడ సొంత ఆలోచన ఒకటి పనిచేసింది, నాది కాదు. 5:55కి ప్రతి పిల్లా ఆరోజు చేసినదాంట్లోంచి ఒకటి ఎంచుకుని గుమ్మం దగ్గర తల్లికో తండ్రికో చూపించాలి. ఒక పేజీ చదివి వినిపించడం, ఒక లెక్క చేసి చూపించడం, ఏదైనా. ఐదు నిమిషాలు. మొదట్లో తల్లిదండ్రులు దీన్ని పట్టించుకోలేదు. కానీ పిల్లలు పొద్దున్నే ఇంట్లో అడగడం మొదలుపెట్టారట, "ఈరోజు నువ్వు టైముకి వస్తావా? నేను చదివి చూపించాలి" అని. రుసుము చేయలేనిది ఇది చేసింది. నెలన్నరలో నాలుగు కుటుంబాల్లో మూడు 6:05 లోపు రావడం మొదలైంది.

ఈ చూపించే పద్ధతికి ఇంకో లాభం వచ్చి చేరింది, మేం ప్లాను చేయనిది. రాత్రి మెసేజ్‌లు తగ్గాయి. 'ఈరోజు ఏం చెప్పారు' అన్న ప్రశ్నకి జవాబు గుమ్మం దగ్గరే దొరుకుతోంది కాబట్టి.

హోంవర్క్ సంగతి మాత్రం అంత తేలిగ్గా తెగలేదు. తల్లిదండ్రుల దృష్టిలో ట్యూషన్ అంటే హోంవర్క్ పూర్తయి ఇంటికి రావడం. ఆవిడ దృష్టిలో చదువు రావడం. రెండూ ఒకటి కావు. తొందరలో ఆవిడే జవాబులు చెప్పేసి రాయించేది, పిల్లలకి అది బాగా నచ్చేది. మేం పెట్టుకున్న నియమం: హోంవర్క్‌కి 30 నిమిషాలు, అంతే. మిగిలితే మిగిలినట్టే ఇంటికి వెళ్తుంది, పైన ఒక చిన్న చీటీతో: ఇక్కడ ఆగింది, ఇది అర్థం కాలేదు. మిగతా సమయంలో ముందు వారం చదివినవాటిని పుస్తకం చూడకుండా గుర్తు తెచ్చుకోవడం. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో 1885లోనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగం చేసుకుని చూపించాడు. ఒక్కసారిగా కాకుండా రోజులు విడిచి మళ్లీ తిరగేస్తే నిలుస్తుందన్నదీ ఆయన గమనించిందే. ట్యూషన్‌కి రోజూ వచ్చే పిల్లలకి ఈ విడిచి తిరగేయడం చాలా అనువుగా కుదురుతుంది. కానీ అది పుస్తకంలో కనిపించదు, హోంవర్క్ కనిపిస్తుంది. ఒక కుటుంబం ఈ చీటీల మీద కోపం తెచ్చుకుని పిల్లని మానిపించింది. గుమ్మం దగ్గర టైముకి రాని కుటుంబమూ అదే. ఆవిడ వారం రోజులు బాధపడింది. నేను ఊరడించలేదు. ఏడుగురు ఆరుగురయ్యారు, అంతే.

ఇంకో ప్రయోగం సగమే ఫలించింది. 11 ఏళ్ల పిల్లాడి చేత 6 ఏళ్ల వాళ్లకి చదివించడం. ఒక్కడికే చేతకానిది, కాస్త తెలిసినవాళ్ల సాయంతో చేతనవుతుందని రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త విగోత్‌స్కీ చెప్పిన మాట ఆధారంగానే మొదలుపెట్టాం. చిన్నవాళ్లు బాగా నేర్చుకున్నారు, పెద్దవాడు గర్వంగా ఉన్నాడు. కానీ వాడి తండ్రి ఒకరోజు గుమ్మం దగ్గర నవ్వుతూనే అన్నాడు: "ఫీజు మేం కడుతున్నాం, పాఠం మావాడు చెబుతున్నాడు." న్యాయమైన మాట. దాన్ని రోజుకి 10 నిమిషాలకి తగ్గించాం. ఆ పది నిమిషాలూ వాడికి కూడా పనికొచ్చేదే, పైకి చదవడం మాత్రమే.

గేటు దగ్గర జరిగిన దానికి నియమాలు వెంటనే వచ్చాయి. ఎవరెవరు పిల్లని తీసుకెళ్లవచ్చో తల్లిదండ్రులు రాసిచ్చిన జాబితా గోడ లోపలి వైపు. జాబితాలో లేని మనిషి వస్తే తల్లికి ఫోన్ చేసి, తల్లి గొంతు విన్నాకే పంపడం, మెసేజ్ చాలదు. ప్రతి కుటుంబానికీ ఒక రహస్య పదం, అది పిల్లకీ తెలిసి ఉండాలి. అలర్జీలు, మందులు, అత్యవసరానికి రెండు నంబర్లు ఒక కార్డు మీద. గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండాల్సి వస్తే వీధి వైపు గదిలోనే. పిల్లల ఫొటోలు ఎక్కడా పెట్టకూడదు. ఈ చివరిది ఆవిడకి నచ్చలేదు, కొత్త పిల్లలు రావడానికి ఫొటోలు పనికొస్తాయంది. ఒప్పుకోలేదు నేను. ఆవిడకి ఏదైనా అయితే పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్లు పక్కింట్లో ఎవరున్నారని కూడా అడిగాను. ఎనిమిది మంది పిల్లలు, ఒక్క పెద్ద మనిషి. ఒక పిల్లకి దెబ్బ తగిలి ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే మిగతా ఏడుగురి దగ్గర ఎవరుంటారు? జవాబు దొరకడానికి పది రోజులు పట్టింది. ప్రథమ చికిత్స శిక్షణ కూడా తీసుకుంది.

కూతురి మాట

ఇది ఆవిడ చివరి దాకా చెప్పలేదు. నాలుగో నెలలో, వెళ్లబోతూ లేచి నిలబడి చెప్పింది. మిగతా పిల్లల ముందు పక్షపాతం అనిపించకుండా ఉండాలని, ట్యూషన్ జరుగుతున్నంతసేపూ కూతుర్ని 'అమ్మా' అనకుండా 'టీచర్' అని పిలవమంది. అది మాట విన్నది. ఒకరోజు రాత్రి పక్క మీద దుప్పటి కప్పుతుంటే, నిద్రలో కాదు, కళ్లు తెరుచుకునే, "టీచర్, లైటు ఆపండి" అందట.

అందరికంటే ముందు ఆ పిల్ల కోసమే మొదలుపెట్టిన పని ఇది. నోటుబుక్కులో నేను లెక్కపెట్టించిన 250 నిమిషాల్లో ఆ పిల్ల పోగొట్టుకున్న సాయంత్రాలు లేవు.

రెండు దారులు చర్చించాం. కూతుర్ని గుంపులోంచి తీసేయడం, లేదా గుంపులోనే ఉంచి 'అమ్మా' అని పిలవనివ్వడం. నేను రెండోది అన్నాను. ఆవిడ మొదటిది అంది. తన కూతురితో తాను రోజుకి ఒకసారైనా గుంపు లేకుండా కూర్చోవాలని ఆవిడ పట్టు. ఆవిడ చెప్పిందే చేశాం. 4:30 నుంచి 6 దాకా కూతురు పక్క గదిలో తన పని తాను చేసుకుంటుంది, లేదా స్నేహితురాలి ఇంటికి ఆడుకోవడానికి వెళ్తుంది. 7 తర్వాత 20 నిమిషాలు ఇద్దరే. ఆట సమయంలో మాత్రం వచ్చి కలుస్తుంది, అక్కడ ఆవిడ టీచర్ కాదు కాబట్టి. మొదట నాకు నచ్చలేదు, పిల్లని వేరు చేసినట్టు అనిపించింది. నెల తిరిగేసరికి ఆవిడదే సరైనదని తేలింది.

నేను మార్చుకున్నవి

మొదటి సమావేశంలో ఇప్పుడు ఫీజు గురించి మాట్లాడేముందు, ఆ ఇంటి గడపలోకి పిల్లలు ఎన్నింటికి వస్తారు, ఎన్నింటికి వెళ్తారు, ఎవరితో వెళ్తారు అని అడుగుతున్నాను. పాఠం ఎలా చెప్పాలన్న ప్రశ్న చివర్లో వస్తుంది. పాఠం చెప్పడం చాలామందికి వచ్చు. ఆరంభానికి ముందు పావుగంట, ముగింపు తర్వాత అరగంట, వీటిని ఎవరూ పనిగా లెక్కవేసుకోరు.

ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్నది కూడా అడుగుతున్నాను. పిలుపు మార్చుకోమని చెప్పను, మారదు, మారనక్కర్లేదు. కానీ 'అక్కా' అనిపించుకునే మనిషి నోటితో అడగాల్సిన డబ్బు ఏదైనా ఉంటే అది రాదు. ముందే కాగితం మీద ఉన్నదే వస్తుంది. నెల మొదట్లో ఫీజు, పిల్ల రాని రోజులకి తగ్గింపు లేదు, ఎందుకంటే ఆ చోటు ఆ పిల్ల కోసం ఖాళీగానే ఉంచుతున్నాం. ఇలాంటివన్నీ ఒక పేజీ కాగితంలోకి వెళ్లాయి. ఆ కాగితం ఇచ్చేటప్పుడు ఆవిడ చేతులు వణికాయట. తల్లులు చదివి, సంతకం పెట్టి, మామూలుగా మాట్లాడుకుంటూ వెళ్లిపోయారట.

ఇప్పుడు

తొమ్మిది నెలలైంది. ఆరుగురు పిల్లలు, ఐదు పూర్తి ఫీజులు. చెల్లెలికి సగం ఫీజు అన్నది పోయింది. ఆట సమయం రెండు కుటుంబాలకి, అది ఇంకో ఫీజుతో సమానం. వారానికి 22 గంటలన్నర నుంచి 15 గంటల లోపుకి వచ్చింది. పిల్లలే గది సర్దుతారు, ఖర్చులు ఇరవయ్యో వంతుకి తగ్గాయి. మొదటి లెక్కలో 100 అనుకున్న చోట 31 ఉన్న అంకె ఇప్పుడు 55. నూరు కాలేదు, అవుతుందని నేను అనుకోను కూడా. నెలకి చేతికొచ్చేది మాత్రం ముందుకన్నా కొంచెం ఎక్కువే.

ఆడపడుచు కొడుకు ఇంకా ఫీజు లేకుండానే వస్తున్నాడు. ఆ లెక్క ఒక్కటీ ఎందుకు సరిచేయలేదని కిందటిసారి అడిగాను. "అది ట్యూషన్ లెక్క కాదు మేడమ్, ఇంటి లెక్క" అంది. నోటుబుక్కులో వాడి పేరు పక్కన గీత గీసి ఉంది, అంకె లేదు.